పన్నెండో నెల ఫోను

మత్తుమందు మాన్పించే ఆ ఆసుపత్రిలో, తమ వైద్యం ఎంతవరకు నిలుస్తోందో తేల్చడానికి ఒక పరిశోధన నడుస్తోంది. తమంతట తాము వచ్చి చేరిన వందమందికి, ఇంటికి పంపాక మూడు నెలలకోసారి చొప్పున ఏడాదిపాటు ఫోన్ చేసి, మళ్లీ వాడారా లేదా అని అడగడం ఒకావిడ ఉద్యోగం. ఆఫీసులో అందరికీ ఆవిడ ఫోన్ల పిన్ని. తిట్లు వినీ వినీ చెవులు కాయలు కాశాయని తనే నవ్వేది.

అరవై నాలుగో మనిషి ఒక వడ్రంగి. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, గేటు తెరవకముందే వచ్చి నిలబడ్డవాడు. ఇరవై ఎనిమిదో రోజు పరీక్షలో మత్తు జాడ కనబడలేదని పంపేశారు. ఆపైన మూడుసార్లు ఫోన్ కలవలేదు. పన్నెండో నెలలో అతని అక్క ఎత్తింది.

“తమ్ముడున్నాడా అమ్మా?”

“లేడండీ.”

“ఎప్పుడొస్తాడు?”

“ఇంకెక్కడ రావడం. ఇంటికొచ్చిన పదకొండో రోజున మళ్లీ వాడాడు. ఆ దెబ్బకే పోయాడు. ఫొటోల కోసం ఇవాళే ఈ ఫోన్ ఛార్జింగ్ పెట్టాను.”

పిన్ని పెన్ను తీసి ‘పదకొండో రోజు’ అని రాసుకుంది.

“ఇంకో నెల ఉంచండని కాళ్లావేళ్లా పడ్డాడు. ఇరవై ఎనిమిది దాటితే కుదరదన్నారు. అదొక్కటీ రాయండి. వెనకాల వచ్చేవాళ్లనైనా ఉంచుతారు.”

“రాస్తానమ్మా.”

రాసింది. ఆ కాగితం చూసి, పరిశోధన నడిపే ప్రొఫెసర్‌గారు కళ్లజోడు పైకి తోసుకున్నారు.

“మరణపత్రంలో ఏముంది పిన్నిగారూ?”

“గుండె ఆగిందని. పరువు పోతుందని ఇంట్లోవాళ్లే అలా రాయించుకున్నారట.”

“అయితే మళ్లీ వాడాడనడానికి ఆధారం లేదు. చివరి పరీక్షలో శుభ్రం. దాన్నే ఏడాది పొడుగునా లెక్కిద్దాం.”

“మనిషే లేడు కదండీ.”

“అందుకే, ఇక వాడే ప్రమాదం కూడా లేదు.”

“ఆ లెక్కన మన వైద్యం అతనికి పనిచేసినట్టు ఇంకెవరికీ పనిచేయలేదు.”

ఆయన సరదాకి అందనుకుని నవ్వారు.

నెల తిరిగేసరికి నివేదిక వచ్చింది. ఆ వారమే అక్క ఫోన్ చేసింది.

“రాశారా?”

“రాశానమ్మా.”

“ఎన్నాళ్లకు పెంచారు?”

నీళ్లు నమలడం పిన్నికి చేతకాలేదు. “పెంచలేదు. ఫలితాలు బాగున్నాయని ఇరవై ఒక్క రోజులకు తగ్గించారు.”



“ఆ బాగున్నవాళ్లలో మావాణ్ణి కూడా కలిపారా?”

పిన్ని ఎదుట నివేదిక తెరిచి ఉంది. అరవై నాలుగో వరుసలో పన్నెండు నెలలూ శుభ్రమే.

“కలిపారమ్మా.”

“పోన్లెండి,” అంది అక్క. “పుట్టి బుద్ధెరిగాక వాడు పాసయింది ఇదొక్కటే.”