వెంకటరామారావు పీకిన వైరు

కారేపల్లి వెంకటరామారావుకి లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. బావి దగ్గర మోటారు ఆపగానే ఫ్యూజులు పీకి, రుమాల్లో మూటగట్టి ఇంటికి తెచ్చుకుంటాడు. అది ఆ చుట్టుపక్కల రైతులంతా చేసేదే, తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ కారుకి కూడా అదే పని చేసేవాణ్ణి ఏమనాలో ఆయన భార్య హైమకు తెలియలేదు. మాటలు లేక కాదు, తట్టినవేవీ పైకి అనదగ్గవి కావు.

ఆ కారు దుబాయి నుంచి తిరిగొచ్చిన ఒకాయన హైదరాబాద్‌లో అమ్మితే కొన్నది. మధిర దగ్గర హైమకు పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన పొలం అందుకోసమే అమ్మారు. సంతకం పెట్టేటప్పుడు ఆమె ఒక్కటే అడిగింది, కారు తనూ నడుపుతానని. పెళ్ళికి ముందు తండ్రి ట్రాక్టరు నడిపిన మనిషి, లైసెన్సు కూడా ఉంది. "అట్లనే లే," అన్నాడు వెంకటరామారావు. సంతకం అయ్యేదాకా ఆయన ఎవరికైనా అట్లనే లే అంటాడు.

కారు అప్పగించేటప్పుడు అమ్మినాయన అన్నీ విడమర్చి చెప్పాడు. ఈ మహానుభావుడు ఆ సేపంతా డిక్కీలో తల దూర్చి, స్టెప్నీ టైరు కొత్తదా పాతదా అని గోరుతో గీకుతూ ఉన్నాడు. విన్నది హైమ.

"బ్యాటరీ వైరు తీస్తే అద్దాలు తమ హద్దు మరిచిపోతాయమ్మా. మళ్ళీ నేర్పాలి. ఇంజను ఆన్‌లో పెట్టి బటన్ పైకి లాగండి. అద్దం పైన తగిలాక కూడా వదలొద్దు, కాసేపు అట్లాగే పట్టుకోండి. నాలుగింటికీ విడివిడిగా చేయాలి."

ఇంటికి తెచ్చిన రోజే వెంకటరామారావు బానెట్ ఎత్తి, పానాతో బ్యాటరీ వైరు ఊడదీసి, ఆ పానా దిండు కింద పెట్టుకుని హాయిగా పడుకున్నాడు. దొంగలొచ్చినా కారు స్టార్టు కాదట! దొంగలకు పానాలు దొరకవనుకున్నాడు కాబోలు. తెల్లారి వైరు బిగించాక అద్దాలు మొండికేశాయి. పైదాకా ఎక్కడం, తగలగానే జానెడు కిందికి జారడం.

"వైరు తీసినందుకండీ, ఆయన చెప్పాడు..." అని హైమ మొదలుపెట్టింది.

"ఏందే నువ్వు చెప్పేది? నొక్కీ నొక్కీ నువ్వే ఖరాబు చేసినవ్. అద్దాలకే గిట్లుంటే, స్టీరింగ్ నీ చేతికిస్తే ఇంకేమన్న ఉన్నదా?"

అద్దాలు బాగయ్యేదాకా డ్రైవింగు మాటెత్తొద్దని తీర్పు కూడా ఇచ్చేశాడు. తన పొలం పోయింది, తనకిచ్చిన మాట పోయింది, తప్పు మాత్రం తన వేళ్ళ మీదికి వచ్చింది. హైమకు ఒళ్ళు మండిపోయింది. అయినా రెండోసారి చెప్పలేదు. తను బాగుచేసినా రాత్రికి మళ్ళీ వైరు పీకుతాడు, పొద్దున్నే మళ్ళీ తననే అంటాడు. ఈ మనిషి మాట తప్పకుండా ఉండాలంటే పక్కన ఒక సాక్షి ఉండాలి.

సాక్షి బసవపున్నయ్య రూపంలో దొరికాడు. ఆయన వెంకటరామారావుకి మేనమామ. మేనల్లుడు లోకంలో ఎవరికైనా జంకుతాడంటే ఆయనొక్కడికే. కొత్త కారులో భద్రాచలం తీసుకుపోతానని మామ దగ్గర గొప్పలు చెప్పుకుని, ముసురు పట్టిన ఒక ఉదయం బయల్దేరదీశాడు. ముందు సీట్లో కూర్చున్న మామ చుట్ట కోసం అద్దాలన్నీ దింపారు. టేకులపల్లి దాటి అడవిలో పడ్డారో లేదో, వాన దంచికొట్టింది.

వెంకటరామారావు కారు పక్కకు ఆపి బటన్లు లాగాడు. అద్దాలు ఎక్కాయి, జారాయి. దిగి, గాజుని రెండు అరచేతులతో పైకి నెట్టాడు. తలుపుని పిడికిలితో గుద్దాడు. చివరికి తువ్వాలు తీసి మామ పక్క కిటికీకి అడ్డం పట్టుకుని వానలో నిలబడ్డాడు. అడవిపంది చేలో పడకుండా గట్టున దడి అడ్డం పట్టుకున్నవాడిలా ఉన్నాడని హైమకు అనిపించింది. జాలి వేయాల్సింది, వేయలేదు.

"ఏందిరా ఇది? గింత పెద్ద కారు కొని తువ్వాల కట్టుకుంటమా?" అన్నాడు బసవపున్నయ్య, ఆరిపోయిన చుట్ట విసిరేసి.

"అంతా ఈమె నిర్వాకం మామా. వేళ్ళు ఊకుండవు."

"నేను బాగుచేస్తే?" అంది హైమ.

వెంకటరామారావు ముఖం మీద నీళ్ళు కారుతుండగా పగలబడి నవ్వాడు. "నువ్వు బాగుచేస్తే స్టీరింగ్ నీదే పో. నేను ఎనక కూసుంట, ఎప్పటికీ. మామ సాక్షి."

"విన్న," అన్నాడు బసవపున్నయ్య.

హైమ వెనక సీటు దిగి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఇంజను ఆన్ చేసి మొదటి బటన్ లాగింది. అద్దం జారితే మళ్ళీ ఎక్కించింది, తగిలాక కూడా వేలు తీయలేదు. లోపల టక్కుమంది. గాజు కదలకుండా నిలిచింది. అలాగే రెండోది, మూడోది, నాలుగోది. కారులో వాన చప్పుడు తగ్గిపోయింది.

"ఎందుకు ఖరాబయిందమ్మా?" అడిగాడు బసవపున్నయ్య.

"రోజూ రాత్రి బ్యాటరీ వైరు పీకుతారు మామయ్యా. మోటారు ఫ్యూజు పీకినట్టు."

బసవపున్నయ్య మేనల్లుణ్ణి కాళ్ళ నుంచి తలదాకా చూశాడు. "కారుకు ఫ్యూజు పీకి ఆడమనిషి మీద వెయ్యనీకి సిగ్గు లేదారా? ఎనకకు పో."

వెంకటరామారావు తడిబట్టలతో వెనక సీట్లో కూలబడ్డాడు. హైమ గేరు వేసింది. ట్రాక్టరు మీద నేర్చుకున్న చెయ్యి, ఎర్రబురదలో కారు తొణక్కుండా సాగింది. పాల్వంచ వచ్చేసరికి వాన వెలిసింది. వెంకటరామారావు ఉమ్మడానికి బటన్ నొక్కాడు. అద్దం దిగలేదు. ఇంకోసారి నొక్కాడు. ముఖం వెలిగిపోయింది.

"చూసినవా మామా! మళ్ళ ఖరాబు చేసింది!"

"ఖరాబు కాలేదు," అంది హైమ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "వెనక అద్దాలు కదలకుండా ఇక్కడో బటన్ ఉంది. చిన్నపిల్లలు కూర్చున్నప్పుడు నొక్కి ఉంచమన్నాడు కారు అమ్మినాయన."

బసవపున్నయ్య నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. హైమ ఎడమచెయ్యి వెనక్కి చాపింది.

"ఆ పానా ఇటివ్వండి."

వెంకటరామారావు మామ వంక చూశాడు. తర్వాత జేబులోంచి పానా తీసి, ఆమె చేతిలో పెట్టాడు.