అలసట పోగొట్టే డబ్బా

ఆ ఊదారంగు పొడి ఉండ కట్టకుండా ఉండాలంటే ముందు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి, గిలక్కొట్టాలి, ఆపైన వడగట్టాలి. అత్తగారికీ మామగారికీ భర్తకీ తనకీ, నాలుగు గ్లాసులు. తాగాక గ్లాసులకు పట్టిన మరక ఒక పట్టాన వదలదు. ఎక్కడో కొండల్లో కాసే పండట, అలసటకు దాన్ని మించిన మందు లేదట. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ మందు ఆమెకు పొద్దున్నే అరగంట పని పెంచింది.

పండు సంగతి ఆమెకు తెలుసు. ఆ పొడి డబ్బా మీద మాటలు రాసేది ఆమె పనిచేసే ఆఫీసే. చదవగానే ఒంట్లోకి ఓపిక రావాలని మేనేజరు అడిగితే, "అలసట ఆమడ దూరం" అని భోజనానికి లేచేలోపే రాసిచ్చింది. పండు మీద చేసిన పరీక్షల కాగితం తర్వాతెప్పుడో కంటబడింది. మామూలు జామపండు కంటే అందులో ఎక్కువేమీ లేదు.

ఈ గ్లాసుల పని మొదలుకాకముందు, ఆమెకు రక్తం బాగా తక్కువగా ఉందనీ, మాత్రలు వేసుకుంటూ పదిహేను రోజులు ఇంటిపని ముట్టుకోవద్దనీ డాక్టరమ్మ చీటీ రాసింది. దాన్ని భర్త చేతికిచ్చి, అడగరానిదేదో అడిగినట్టు తలొంచుకుని నిలబడింది. ఆయన చదివి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికి డబ్బా పట్టుకొచ్చాడు. తమ కాలంలో ఎవరికి రక్తం ఎంతుందో ఎవరు కొలిచారని అత్తగారు నవ్వి, తనకూ ఒక గ్లాసు కలపమంది.

"అలసట ఆమడ దూరమట, చూడు," అన్నాడాయన.

"అది రాసింది నేనేనండీ. అందులో ఏమీ లేదు."

"మరింకేం. రాసినదానివి, నువ్వే నమ్మకపోతే ఎట్లా?"

డాక్టరమ్మ చీటీ తర్వాత ఆయన చొక్కా ఉతికేటప్పుడు జేబులో ముద్దయి దొరికింది.

డబ్బా మళ్లీ అచ్చుకు వెళ్లేముందు మాటలు సరిచూడమని ఆమె బల్లమీదికే వచ్చాయి. స్కేలు పెట్టి ఆ మూడు మాటలూ కొట్టేసింది. కాగితం మేనేజరు బల్లమీద పెట్టింది. ఆయన దాన్ని ఫైల్లో పెట్టుకున్నాడు. ఆ రోజంతా ఆమెకు భయంగానూ ఉంది, సంతోషంగానూ ఉంది.

నెల తిరక్కుండానే భర్త కొత్త డబ్బా తెచ్చాడు. అలసట ఆమడ దూరం అని ఈసారి రెండింతల అక్షరాలు.

"చూశావా," అన్నాడు, "నిజం కాకపోతే ఇంత పెద్దగా వేస్తారా?"

కొట్టేసింది కూడా తనేనని చెప్పబోయి ఊరుకుంది. చెప్పినా దానికీ ఒక జవాబు ఆయన దగ్గర ఉంటుంది. పొయ్యి వెలిగించి నీళ్లు పెట్టింది. పొడి నానబెట్టి, గిలక్కొట్టి, వడగట్టి మూడు గ్లాసుల్లో పోసింది. నాలుగోది, తనది, బోర్లించే ఉంచింది.

కడగడానికి ఒక గ్లాసు తగ్గింది.