గుల్లలమ్మ వదిలిన పీత

ఇలా దగ్గరికి జరిగి కూచోండి, ఇది గట్టిగా అరిచి చెప్పే సంగతి కాదు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే బురదలో తినే గుల్లలు పెంచి అమ్ముకుని బతికిన ఒక అత్తాకోడళ్ళ కథ.

అత్తను అందరూ గుల్లలమ్మ అనే పిలిచేవారు. కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మరిచిపోయేది గానీ, బురదలోని తన మడిలో ఏ రాయి పక్కన ఏపాటి గుల్ల ఉందో కళ్ళు మూసుకుని చెప్పేది. గోరంత గుల్లపిల్లల్ని బురదలో చల్లాలి, పైన పాత వల కప్పి అంచులకు రాళ్ళు పెట్టాలి, మూడేళ్ళు ఆగి ఇనప పళ్ళ గొర్రుతో తీయాలి. అదీ పని. కోడలికి కాన్పయ్యాక మడిని ఆమె చేతిలో పెట్టేసి, తాను గట్టు మీద కూచుని పెత్తనం చేయాలని గుల్లలమ్మ ఆశ.

ఒకనాడు వల ఎత్తితే కోడలికి ఓ పీత దొరికింది. ఆకుపచ్చ వీపు, కళ్ళకు అటూ ఇటూ ఐదేసి మొనలు, పొట్ట కింద నారింజరంగు గుడ్ల ముద్ద.

"అత్తయ్యా, ఇది మన పీత కాదు. రేవులో పనిచేసే చిన్నమామయ్య చెప్పారే, అదే. ఓడలు ఒరిగిపోకుండా బరువు కోసం ఎక్కడివో నీళ్ళు అడుగున నింపుకొచ్చి ఇక్కడ పారబోస్తున్నాయట. వీటి పిల్లలు ఆ నీళ్ళలోనే వస్తున్నాయట. తొక్కేస్తాను," అంటూ కోడలు బూటు ఎత్తింది.

"ఆగవే! కడుపుతో ఉన్నదాన్ని కుండలోనూ వెయ్యకూడదు, కాలి కిందా వెయ్యకూడదు. మా అత్త నా చేతికి గొర్రు ఇచ్చిన రోజే చెప్పింది."

"అది మన పీతల సంగతండీ, రేపటికి మళ్ళీ పీతలు మిగలాలని. ఇది మన గుల్లల్నే తింటుంది."

"పీత కష్టాలు పీతవి. నువ్వూ కడుపుతోనే ఉన్నావు, ఆ మాటనడానికి నీకు నోరెలా వచ్చిందే?"

కోడలు బూటు దించేసింది. గుల్లలమ్మ పీతను రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి, మోకాటి లోతు నీళ్ళలో దింపి, "పో తల్లీ, సుఖంగా కను," అని కూడా అంది.

కన్నది. ఒక్కొక్క పీతకు లక్షకు పైనే గుడ్లు. ఆ బురదలో పనిచేసే వాళ్ళందరిదీ అదే నియమం మరి! మగవాటిని వండుకుని, గుడ్లవాటిని మర్యాదగా సాగనంపారు. పాముకు పాలు పోసినట్టే. కాకపోతే పాము, పాలు పోసిన చోటికి గంపెడు పిల్లల్ని వెంటేసుకుని రాదు.

మరుసటేడు గొర్రు దించితే గలగలమని తేలిక చప్పుడు. అంచులు విరిగిన చిప్పలు, లోపల ఏమీ లేదు. రాయి ఎత్తితే చాలు, ఆకుపచ్చ వీపులు. గంపలతో పట్టారు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. మనవరాలు నడక నేర్చేసరికి ఆ మడి పిల్ల నడవడానికే పనికొచ్చింది.

ఇప్పుడు అత్తాకోడళ్ళు ఇద్దరూ ఓ రేకుల షెడ్డులో కూలికి పోతున్నారు. ఆ పీతల్నే పిండి చేసి పొలాలకు ఎరువుగా పంపుతారక్కడ. బల్లకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు నిలబడి, నాచూ రాళ్ళూ ఏరి, పీతల్ని మర నోట్లోకి తోస్తారు.

మొదటి రోజే గుడ్లతో ఉన్నది ఒకటి చేతికొచ్చింది. గుల్లలమ్మ చెయ్యి ఆగిపోయింది.

కోడలు తలెత్తలేదు. "తొయ్యండత్తయ్యా. మీకు చేతులెలా వచ్చాయని నేను అడగను లెండి."

అడిగినా బాగుండేది. గుల్లలమ్మ తోసింది. వెనకాల ఇంకో గంప వచ్చింది.

ఇదమ్మా జరిగింది. మీ పిల్లలకు చెప్పేటప్పుడు దీన్ని తియ్యగా ముగించకండి. గుల్లలమ్మ జాలిని చూసి నవ్వకండి కూడా. ఆ నీళ్ళు మోసుకొచ్చి పారబోసిన ఓడ మాట మాత్రం మరవకుండా చెప్పండి. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు.