కూర్మయ్య కుడిచెయ్యి

బడి కమిటీకి పంతుల్ని ఎన్నుకుందాం, చేతులెత్తండంటూ ఇల్లిల్లూ తిరిగినందుకు, మునసబు మనుషులు కూర్మయ్య కుడిచేతిని కొబ్బరిమొద్దు మీద పెట్టి రోకలితో విరగ్గొట్టారు.

మర్నాడు చేతులు లెక్కపెట్టడానికి టెక్కలి నుంచి గుమాస్తా వచ్చాడు. "పంతులుకి ఎవరెవరు?" అని అడిగాడు. రైతులంతా తలలు వంచుకున్నారు. కూర్మయ్య ఒక్కడే ఎడంచెయ్యి ఎత్తాడు.

"ఎడం సెయ్యి సెల్లదండి! సదువులతల్లి పనికి ఎవుడైనా ఎడం సెయ్యెత్తుతాడేటి?" అని మునసబు పకపకా నవ్వాడు.

కూర్మయ్యకి ఒళ్లు మండింది. వెదురుబద్దల కట్టు పళ్లతో తెంచి, వేలాడుతున్న కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని తలపైకి లేపాడు. ఎముక పటుక్కుమని చర్మం చీల్చుకొచ్చింది. నెత్తురు మొహమంతా కారింది.

"లెక్కెట్టండి!" అని గావుకేక పెట్టాడు.

ఒక చెయ్యి లేచింది. తర్వాత పది. తర్వాత ఊరంతా.

"మునసబూ, ఇంకెన్ని రోకళ్లున్నాయేటి నీకాడ?" అన్నాడు కూర్మయ్య.