ఎదుటివాడి నియమం

ఆ మంగళవారం దాకా నా నోట్‌బుక్కును నేను తప్ప ఎవరూ చదవలేదు.

సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, వైపని చేసేవాణ్ని. పడుగు చుట్టిన పాత భీము అయిపోవచ్చినప్పుడు దాని పోగుల కొసలు సాంచె మీదనే వదిలిపెట్టి, కొత్త భీము పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతకాలి. బూడిద అద్దుకున్న వేళ్లతో వేల పోగులు మెలివేయడం, అంతే పని. నాకు ఎదురుగా లచ్చయ్య కూర్చునేవాడు. అతను పోగు అందిస్తే నేను మెలివేసేవాణ్ని. పన్నెండేళ్లు అట్లా కూర్చున్నాం. ఒకరి ముఖం ఒకరు పోగుల సందులోంచే ఎక్కువ చూశాం. మాటలు తక్కువ.

చేతులు పనిలో ఉంటే తల ఖాళీగా ఉండేది. ఆ ఖాళీలో ఒక దేశం పుట్టింది. పేరు అవ్వలిరేవు. అక్కడ సూర్యుడు లేడు, వెలుతురు నదిలోంచి వస్తుంది. నది మీది మంచులోంచి పోగులు తేలి వస్తాయి. ఒక్కో పోగు ఒక్కో బతుకు. గట్టున రెండు మఠాలు. ముడి మఠం వాళ్లు చచ్చినవాడి కొసకు పుట్టబోయేవాడి కొసను అతుకుతారు. ఏ దుఃఖమూ కొత్తది కాదు, అది ముందటివాడు వదిలిపోయిన కొస అంటారు. విప్పు మఠం వాళ్లు వెనకనే వచ్చి ఆ ముడులు విప్పుతారు. మనిషికి పూర్తిగా అయిపోయే హక్కు ఉండాలన్నది వాళ్ల వాదం.

నేను ఏ మఠంలో చేరేవాణ్నో నాకు తేలలేదు. తేలక రాస్తూ పోయాను. మా నాయన మగ్గం మీది దూలానికి ఉరివేసుకున్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ మాట నోట్‌బుక్కులో ఎక్కడా లేదు.

ముడి మఠానికి నియమాలు పెట్టాను. చేరినవాడు పాత పేరు వదలాలి. ఇంటికి ఉత్తరం రాయరాదు. ఏ ముడీ ఒంటరిగా వేయరాదు, ఎదుటివాడు పోగు అందించాలి. ఎదుటివాడు కబురు పెడితే అన్నం ముందు నుంచైనా లేచి పోవాలి, ఎందుకని అడగరాదు.

ఆ చివరిది నా కల్పన కాదు. భీము వచ్చిందని కబురు పంపితే లచ్చయ్య అట్లాగే వచ్చేవాడు.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో పొద్దున్నే పోలీసులు నక్సలైట్ల కోసం మా వాడంతా సోదా చేశారు. నా ట్రంకుపెట్టె అడుగున నోట్‌బుక్కు దొరికింది. కానిస్టేబుల్ నిలబడే నాలుగు పేజీలు చదివాడు. పేరు మార్చుకోవాలె, ఇంటికి ఉత్తరం రాయద్దు, ఇంకేం కావాలె అన్నాడు పక్కవాడితో.

ఠాణాలో దెబ్బలు పడ్డాయి. అది లేని దేశం అని ఎంత చెప్పినా, లేని దేశానికి గిన్ని కట్టుబాట్లెందుకురా అని నవ్వారు. అప్పుడు అధికారి వచ్చాడు. ఈ ప్రాంతం మనిషి కాదు. కళ్లజోడు తుడుచుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. గంటసేపు చదివాడు.

నేను ఒప్పుకోవలసింది ఇక్కడే ఉంది. ఆ గంటలో నా భయం పోయింది. దవడ వాచి ఉంది, అయినా నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఏ పేజీలో ఉన్నాడు, నది దగ్గరికి వచ్చాడా, మనిషి పూర్తిగా అయిపోవాలన్న వాక్యం దగ్గర ఆగుతాడా. ఆగాడు. తల ఎత్తి, విప్పు మఠం వాదానికి ముడి మఠం దగ్గర జవాబు లేదు కదా అన్నాడు.

ఎన్నో ఏళ్లుగా ఆ మాట ఎవరో ఒకరు అంటారని ఎదురుచూశాను. ఎదురుచూస్తున్నానని ఆ క్షణం దాకా నాకు తెలియదు.

చాయ్ తెప్పించాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన పెన్సిలుతో ఒకచోట మెల్లగా తట్టి అడిగాడు:

"ఈ ఎదుటివాడు మాత్రం ఊహలా లేడు. ఎవరతను?"

నా రాతను మెచ్చుకున్నాడనిపించింది. చెప్పాను. లచ్చయ్య పేరు, పన్నెండేళ్ల పని, ఇప్పుడు కోరుట్లలో అత్తగారింట్లో ఉన్న సంగతి, కబురు పోతే తింటున్న అన్నం వదిలి వచ్చే అలవాటు. ఇదంతా మా పనే తప్ప ఏ దళమూ కాదని రుజువు చేస్తున్నాననుకున్నాను.

"కావాల్నంటె అతన్నే అడుగుండ్రి సార్" అన్నాను.

నోట్‌బుక్కు నా చేతికిచ్చి, పోయి రాసుకో అన్నాడు. బయటికి వచ్చేసరికి జీపు స్టార్టు చేసి ఉంది. వేములవాడ దిక్కు తిరిగింది. కోరుట్లకు అదే దారి.

లచ్చయ్యకు అడవి మనుషులతో సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. ఆ రోజుల్లో అట్లా జీపు ఎక్కినవాళ్ల పేర్లు మూడోనాడు పేపర్లో ఎదురుకాల్పుల వార్తగా, ఏదో ఒక గుట్ట పేరుతో కలిసి వచ్చేవి. ఉరికిపోయి బస్సెక్కాను.

వేములవాడలో బస్సు చాలాసేపు ఆగింది. గుండ్లు గీయించుకున్న యాత్రికులు ఎక్కారు, నెత్తుల మీద చందనం ఇంకా తడిగా ఉంది. ఆడవాళ్లు, మగవాళ్లు, అందరికీ ఒకే తల. పేర్లు వదిలేసిన నా మఠం మొత్తం నన్ను చుట్టుముట్టినట్టయింది. పక్కన కూర్చున్న ముసలమ్మ నా బట్టతలను పరీక్షగా చూసి, నువ్వు మొక్కు అప్పజెప్పలేదా కొడుకా అని అడిగింది.

"ఆయనకు ముందుగాలనే దేవుడు గీసిండు తియ్" అన్నాడు వెనక సీటాయన. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. జీపు టైరు పగలాలని మొక్కుతున్నాను, కాని ఎవరికి మొక్కుతున్నానో తెలియడం లేదు. కథలాపూర్ దాటేదాకా బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నెట్టాలనిపించింది.

కోరుట్లలో బస్టాండు నుంచి పరుగెత్తాను. లచ్చయ్య భార్య సత్తవ్వ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నది. ఏడుపు లేదు. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి, జీపు ఇంకా రాలేదనుకుని గోడకు ఆనుకున్నాను.

లచ్చయ్య ఏడని అడిగాను.

"నువ్వే పిలిచినవంట గదన్నా" అన్నది. "అర్జంటు భీమున్నదని ఇద్దరచ్చిండ్రు. సిరిసిల్లోల్లే అన్నరు. తింటున్నడు. తిని పోరాదయ్యా అంటె, గోవర్ధన్ కబురు పంపితె ఆగుతనా అన్నడు. చెయ్యి గూడ సక్కగ కడుక్కోలె."

ఏమెక్కి పోయారని అడిగాను. గల్లీ మూలకు జీపున్నదట అని, ఆ మాట అంటూనే ఆమె చేతులు ఆగాయి. సగం చుట్టిన బీడీ చాటలో విచ్చుకున్నది. నా వాచిన దవడ వైపు, చంకలోని నోట్‌బుక్కు వైపు చూసింది.

"మరి నువ్వు ఈడున్నవేందన్నా?"

తెరిచిన తలుపులోంచి పళ్లెం కనబడుతున్నది. అతను వచ్చి తింటాడని దాని మీద ఇంకో పళ్లెం బోర్లించి పెట్టింది.