ఖాళీ చెత్తబుట్ట

ఆయన పనల్లా ఆఖరి పావుగంటే. పొద్దుటినుంచీ ఏదో ఒక కంపెనీ ఉద్యోగులు హోటల్ హాల్లో గుంపులుగా విడిపోయి, కాగితం గ్లాసులతో గోపురాలు కట్టి, కళ్ళకు గంతలు కట్టుకుని ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచి, తాళ్ళ చిక్కులు విప్పి, గోడ నిండా రంగురంగుల చీటీలు అతికించి, సాయంత్రానికి ఒకరి మొహం ఒకరు చూడలేనంత విసిగిపోతారు. అప్పుడు ఆయన్ని పిలుస్తారు. ఆయన మైకు పట్టుకుని నవ్వొచ్చే కథ ఒకటి చెబుతాడు. అందరూ నవ్వుతారు, నవ్వుతూనే ఇళ్ళకు పోతారు. గోపురాల సంగతి మర్నాటికి ఎవరికీ గుర్తుండదు గానీ, ఆ కథ మాత్రం నెలల తరబడి వాళ్ళ క్యాంటీన్‌లో తిరుగుతూ ఉంటుంది. జనం కలిసిపోయారని పైవాళ్ళు సంబరపడతారు.

ఆ పనికీ కొన్ని పద్ధతులున్నాయి. కథలో నీతి ఉండకూడదు, నీతి వినపడగానే జనం బ్యాగులు సర్దుకుంటారు. చివరి మాట చిన్నదై ఉండాలి. నవ్వు లేచాక ఇంకొక్క ముక్క మాట్లాడకుండా మైకు బల్లమీద పెట్టి పక్కకు తప్పుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, హాల్లో ఉన్నవాళ్ళెవరినీ కథలోకి లాగకూడదు. ఒక్కరి మనసు నొచ్చుకున్నా ఆ రోజు పడ్డ పాటంతా దండగ. అందుకని కథని ఇంటినుంచే తెచ్చుకోవాలి. ఆయన భార్యని తెచ్చుకున్నాడు.

ఎవరి అలవాటు గురించి చెబితే నిండు హాలు నవ్వుతుందో, ఆ అలవాటు ఇక ఆ మనిషి దగ్గర ఉండదు, వెళ్ళిపోతుంది. ఇది అందరికీ తెలిసిందే. ఆవిడకి తుమ్ములు మొదలైతే ఏడు వచ్చేవి, ఆరో తుమ్ముకీ ఏడో తుమ్ముకీ మధ్య చెయ్యెత్తి "ఆగండాగండి, ఇంకోటుంది" అనేది. ఒక బ్యాంకు వాళ్ళకి ఆయన ఆ కథ చెప్పాడు. పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ఓ రోజు ఎదురింటి పెద్దాయన మెట్ల దగ్గర అడిగాడు.

"మీ ఆవిడ తుమ్ములు వినపడటం లేదేమండీ ఈమధ్య?"

"చెప్పేశానండీ, పోయిన వారం. బ్యాంకు వాళ్ళకి."

"ఓహో, అదా సంగతి" అని పెద్దాయన పేపరు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అలా ఒక్కొక్కటే వెళ్ళాయి. బస్సులో తెలిసినవాళ్ళెవరైనా ఉంటారేమోనని పోయే ప్రతి బస్సుకీ చెయ్యి ఊపడం సిమెంటు కంపెనీ వాళ్ళకి పోయింది. జోకు మొదలుపెట్టి, ముగింపు తలుచుకుని తానే ముందుగా నవ్వేసి, ఎవరికీ ముగింపు తెలియకుండా చేయడం ఓ ఆసుపత్రి నర్సులకి పోయింది. ఫ్రిజ్‌తో గొడవపడటం, చెప్పులు కొనేటప్పుడు షాపులో పరిగెత్తి చూడటం, నిద్రలో లెక్కలు చెప్పడం, అన్నీ పోయాయి. ఇల్లు నెమ్మదించింది. వచ్చిన చుట్టాలు "ఎంత కుదురుగా ఉంటుందో" అని మెచ్చుకుని, కాసేపటికే ఏమీ తోచక లేచి వెళ్ళేవాళ్ళు.

కూతురు గడుసుది. నాన్న ఇంట్లో ఉన్నంతసేపూ నవ్వొచ్చే పని ఒక్కటీ చేసేది కాదు. తిన్నగా కూర్చునేది, తిన్నగా తినేది, గదిలోకి పోయి తలుపు వేసుకునేది. ఆ తలుపు వెనకనుంచి అప్పుడప్పుడూ పిచ్చి పిచ్చి పాటలు వినపడేవి. ఆయన తలుపు తడితే ఆగిపోయేవి.

సొంత అలవాట్లు చెప్పుకోవచ్చుగా అని ఎవరైనా అడగొచ్చు. తన గురించి చెప్పుకుంటే తన దగ్గరనుంచే పోతుంది మరి. ఆయనకు తనవన్నీ కావాలి. అదీ ఆయన తెలివి.

ఆవిడ దగ్గర ఇక ఒక్కటే మిగిలింది. ఆవిడ మందుల షాపులో పొద్దుటి డ్యూటీ చేసి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేది. సాయంత్రం ఆయన వీధి మలుపు తిరగడం బాల్కనీలోంచి చూసి, చెత్తబుట్ట పట్టుకుని మూడంతస్తులూ దిగివచ్చేది.

"చెత్త పడేద్దామని వచ్చాను. మీరూ వచ్చారా?" అనేది.

బుట్టలో ఏమీ ఉండేది కాదు. చెత్త పొద్దున్నే పడేసేది. మొగుడికి ఎదురెళ్ళడానికి సిగ్గుపడి పెళ్ళైన కొత్తలో చెప్పిన వంక అది, కూతురు కాలేజీకొచ్చినా అలాగే ఉండిపోయింది. ఆయన బుట్టలోకి చూసేవాడు కాదు. ఆవిడ ఆయన బ్యాగు తీసుకునేది, ఆయన బుట్ట తీసుకునేవాడు, ఇద్దరూ మెట్లెక్కేవాళ్ళు. ఇదొక్కటీ చెప్పనని ఆయన గట్టిగా అనుకున్నాడు. ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ఆయన్ని ఎన్ని తిట్టుకున్నా, ఈ ఒక్క మాట మీద మాత్రం నిలబడ్డాడని చెప్పక తప్పదు.

అలాంటి సమయంలో ఒక పెద్ద కంపెనీలో శిక్షణ చూసే మేడమ్ ఆయన్ని పిలిపించింది. "మీ కథల గురించి చాలా విన్నాం. ఇలా ఒక్కో రోజుకి రావడమెందుకు, మా దగ్గరే ఉండిపోండి. ఈసారి ముగింపుకి ఉద్యోగుల ఇంట్లోవాళ్ళు కూడా వస్తున్నారు. మీరూ మీవాళ్ళని తీసుకురండి. ఆ రోజు హాలు అదిరిపోతే, మర్నాడే ఉద్యోగం ఆర్డరు" అంది. ఆయనకి వయసు మీదపడుతోంది. పిలిచేవాళ్ళు తగ్గారు. ఈ అవకాశం పోతే ఇంకోటి రాదని ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. గోపురాలు కూలాయి, చిక్కులు విప్పారు, చీటీలు అతికించారు. ఆయన మైకు తీసుకున్నాడు. ముందు తుమ్ముల కథ ఎత్తుకున్నాడు. మనిషిని వదిలిపోయిన అలవాటు కథలోనూ ఉండదు, ఉత్త మాటలే మిగిలాయి. ఎవరూ నవ్వలేదు. తన గురించే చెబుదామని మొదటిసారి తెగించాడు. తీరా తడుముకుంటే నవ్వొచ్చేది ఒక్కటీ దొరకలేదు. అంత జాగ్రత్తగా బతికాడు మరి. ఏదో కల్పించి చెప్పాడు. వెనక వరసలో ఎవరో దగ్గారు. మేడమ్ ఫోన్ చూసుకుంటోంది.

అప్పుడు ఆవిడ లేచి మెల్లగా వేదిక మీదికి వచ్చి, ఆయన చేతిలో మైకు తీసుకుంది.

"నమస్కారమండీ. ఈయన చెప్పే కథల్లో ఉండేది నేనే. చెప్పడం ఈయనకే వచ్చనుకున్నాను గానీ, నాకూ ఒకటి తెలుసు. ఒక చెత్తబుట్ట కథ."

"వద్దు" అన్నాడాయన. రెండు చేతులూ ఊపాడు. "వద్దే, నీకు దణ్ణం పెడతాను." అదీ ఆటలో భాగమే అనుకుని హాలంతా నవ్వడం మొదలుపెట్టింది.

ఆవిడ చెప్పింది. ఖాళీ బుట్టతో దిగడం, ఈయన చూడనట్టు నటించడం, అది తాను గమనించనట్టు నటించడం, అన్నీ చెప్పింది. "ఒకరోజు మబ్బు పట్టి ఉందండీ. మలుపు తిరిగిన మనిషి ఈయనే అనుకుని పరుగున దిగాను. మొహం కూడా చూడకుండా చేతిలో బ్యాగు లాక్కుని, బుట్ట చేతికిచ్చి, ఇంట్లో సంగతులన్నీ చెప్పుకుంటూ మెట్లెక్కేశాను. వెనకాలే వస్తున్నాడు. ఉలకడు, పలకడు. ఈయన పద్ధతీ అదేగా అని నేనూ అనుమానపడలేదు. తీరా గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగితే ఎవరో పరాయి మనిషి. పాపం, చెమటలు కక్కుతూ, బుట్ట రెండు చేతులా పట్టుకుని అడిగాడండీ: అమ్మా, ఇది ఎక్కడ పెట్టమంటారు?"

మైకు బల్లమీద పెట్టి పక్కకు తప్పుకుంది. అచ్చం ఆయన చేసినట్టే.

హాలు విరగబడి నవ్వింది. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. ముందు వరసలో కూతురు ఒక్కతే రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని కూర్చుంది, ఒక్కరు నవ్వకపోయినా నిండు హాలు నవ్వినట్టు కాదేమో, అమ్మ అలవాటు పోకుండా ఆగుతుందేమోనని. కానీ ఆయనకి నవ్వొచ్చేసింది. ఆపుకోలేకపోయాడు. ఆ పరాయి మనిషి కథ ఆయనకీ కొత్తదే. నవ్వి నవ్వి తలెత్తేసరికి ఆవిడ ఆయన వైపు చూస్తోంది, పక్క సీటులో ప్రయాణం చేసిన మనిషిని చూసినంత మర్యాదగా.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాడు. "ఎందుకు చెప్పావు?"

"మీ ఉద్యోగం పోతుందని. ఇవాళ కాకపోతే రేపు మీరైనా చెప్పేవారేగా."

"చెప్పేవాణ్ణి కాదు. ఒట్టు."

"అవునా" అందావిడ. "ముందే తెలిస్తే బాగుండేది." అందులో కోపం లేదు. కోపం ఉన్నా ఆయన బతికిపోయేవాడు.

ఆర్డరు వచ్చింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆయన వీధి మలుపు తిరిగాడు. బాల్కనీలో ఎవరూ లేరు. మెట్ల మీద ఎవరూ ఎదురు రాలేదు. ఆవిడ చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తి, "మంచిదండీ, కష్టపడ్డారు" అని మళ్ళీ చదువుకుంది. వారం తిరక్కుండానే షాపులో సాయంత్రం డ్యూటీకి మారింది. "జీతం కాస్త ఎక్కువ. సాయంత్రాలు ఇంట్లో ఉండి నేను చేసేదేముంది?" అంది.

ఇప్పుడు ఇంటికి ముందు వచ్చేది ఆయనే. కొత్త కంపెనీలో కథలు అడుగుతూనే ఉన్నారు. రేపు రేపు అంటున్నాడు. వాళ్ళు ఇంకెన్నాళ్ళు ఊరుకుంటారో తెలియదు. ఒకరోజు రాత్రి బాల్కనీలో నిలబడి ఉంటే ఆవిడ మలుపు తిరుగుతూ కనపడింది. ఏం చేస్తున్నాడో తెలియకుండానే చెత్తబుట్ట అందుకుని మూడంతస్తులూ గబగబా దిగాడు. గేటు దగ్గర ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"చెత్త పడేద్దామని వచ్చాను. నువ్వూ వచ్చావా?"

ఆవిడ బుట్టలోకి తొంగి చూసింది. తర్వాత ఆయన మొహంలోకి చూసింది, నిజంగానే అర్థంకాక.

"ఇందులో ఏమీ లేదు కదండీ?" అంది. బ్యాగు భుజం మీదికి సర్దుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయింది.