మేనత్త అడగని మాట

వవావు దీవిలో మేనత్త అడిగితే కాదనడం ఉండదు. పడవ అడిగినా, నేసిన చాప అడిగినా, కన్నబిడ్డను పెంచుకుంటానన్నా తలవంచి ఇవ్వవలసిందే. అలాంటిది, కలొలైనె మేనత్త సియులా ఇప్పుడు దేశానికి ఆరోగ్యమంత్రి కూడా.

కలొలైనెకు సముద్రం అవతల ఆక్లండ్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. వచ్చే వారమే ప్రయాణం. దీవి ఆసుపత్రిలో ఆమెతో పనిచేసే నర్సులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఆదివారం చర్చి అయ్యాక సియులా భోజనానికి వస్తోందని తెలిసి తల్లి ఎసెతా నెత్తి కొట్టుకుంది.

"అయిపోయింది. పెట్టె విప్పేసెయ్. మా ఆడపడుచు ఊరికే రాదు."

"అడగదేమోలే అమ్మా."

"నా పెళ్లిచాపల్నే వదల్లేదు, నిన్ను వదులుతుందా?"

అక్క ఉన్న గదిలో తమ్ముడు కూర్చోకూడదు గనక తండ్రి ఫొలౌ పెరట్లో పొయ్యి దగ్గరే ఉండిపోయాడు. సియులా లోపలికొచ్చి, తనకోసం పరిచిన మెత్తటి చాపను దాటి, గుమ్మం పక్కన వట్టి నేలమీద చతికిలబడింది.

"అయ్యో అత్తా, చాపమీదికి రా!" కలొలైనె హడలిపోయింది.

"అత్త రాలేదే. అత్తనైతే ఉండిపొమ్మని ఒక్క మాటనేసి పోయేదాన్ని. మంత్రిగా వచ్చాను. మంత్రిని కాదనొచ్చు. ఏదీ, మంత్రిగారూ అను."

"నాకు నోరు రాదత్తా."

"మీ అమ్మకు బోలెడు నోరుంది. కాస్త అరువు తీసుకో."

కొబ్బరిపాల చేమాకు పొట్లాలు వడ్డిస్తున్న ఎసెతా ముఖం తిప్పుకుని నవ్వింది.

"మంత్రిగారూ," అంది కలొలైనె, సిగ్గుతో చచ్చిపోతూ.

"ఆఁ. ఇక్కడే ఉండిపోతావా? రాత్రి డ్యూటీకి నీకు తోడు ఇంకో నర్సునిస్తానని మాత్రం అబద్ధం చెప్పను. ఈ ఏడు ఇవ్వలేను."

ఇస్తానంటే సరిపోయేది. ఇంతకుముందటి మంత్రులందరూ అలా అనే వెళ్లారు. కలొలైనె ఆవిడ ముఖంలోకి చూసింది. ఒక్క మాటతో కట్టిపడేయగల మనిషి, జవాబు కోసం భయపడుతూ కూర్చుంది.

"ఉండలేను మంత్రిగారూ. ఒకేసారి రెండు కాన్పులొస్తే ఎవరి దగ్గరుండాలో తెలియడం లేదు. వెళ్తాను."

ఎసెతా చేతిలో గరిటె ఆగిపోయింది. సియులా కళ్లు తుడుచుకుంది.

"సరే. ఈ మాట సభలో చెబుతాను. నీ పేరు చెప్పనులే."

కలొలైనె ఒక చేమాకు పొట్లం విప్పింది. తర్వాత, "ప్రయాణం క్రిస్మస్ దాకా ఆపుకుంటాను. ఆసుపత్రిలో పని నేర్చుకుంటున్న కొత్తమ్మాయిలిద్దరికీ కాన్పులు చేయడం నేర్పి వెళ్తాను," అంది.

"నేనడగలేదు కదే!"

"అందుకే అత్తా."

సియులా పెరటివైపు తిరిగి, గొంతు పెంచి అంది: "విన్నావురా ఫొలౌ? నీ కూతురు నన్ను కాదంది!"

పోటీలో గెలిచిన పిల్ల గురించి చెప్పినట్టుంది ఆ గొంతు.